నన్నెవరు అటెస్ట్ చేస్తారు?

రామచంద్రం రిటైరైన మర్నాడే ఆయన సంతకం చచ్చిపోయింది. మనిషి నిక్షేపంగా ఉన్నాడు, చెయ్యి వణకడం లేదు, ఆకుపచ్చ సిరా సీసాలో ఇంకా సగం పైగా ఉంది. అయినా సంతకానికి విలువ లేదు. గెజిటెడ్ హెడ్మాస్టరుగా ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళే అటెస్టేషన్. జూన్ ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఐదు దాటాక ఆ సంతకం కొరియర్ కాగితం మీద పెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

అంతకుముందు పదకొండేళ్ళ పాటు చిక్కడపల్లిలో ఆయన ఇంటి వరండా ఒక ఆఫీసులా నడిచింది. పక్కనే అశోక్ నగర్. అక్కడ హాస్టళ్ళలో ఉండి సర్కారు కొలువులకు చదివే పిల్లలకు ఏ దరఖాస్తు పెట్టాలన్నా జిరాక్స్ కాపీల మీద గెజిటెడ్ సంతకం కావాలి. నగరంలో గెజిటెడ్ ఆఫీసర్లకు కరువేమీ లేదు. కానీ పొద్దున ఏడింటికల్లా స్నానం చేసి, బల్ల ముందు కూర్చుని, వచ్చినవాళ్ళను కసురుకోకుండా సంతకం పెట్టేవాడు రామచంద్రం ఒక్కడే. ఊరికే పెట్టేవాడనుకునేరు. ఒరిజినల్ పక్కన పెట్టుకుని, జిరాక్స్‌ను అక్షరం అక్షరం సరిచూసి, ఫొటోను చూసి, మనిషిని చూసి, మళ్ళీ ఫొటోను చూసి, "ఫొటోల మీసాలున్నయి, నీకేవి?" అని అడిగి, తృప్తి కలిగే జవాబు వచ్చాకే కలం మూత తీసేవాడు.

అలాంటి మనిషి చేతిలో పని లేకుండా ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో ఆయన భార్య విద్యావతిని అడగాలి. రిటైరైన మొదటి వారంలోనే ఆయన ఇల్లంతా తనిఖీ చేశాడు. పోపుల డబ్బాలో జీలకర్ర గిన్నెలో రెండు మెంతిగింజలు దొరికితే సంజాయిషీ అడిగాడు. విద్యావతి ఇచ్చిన సంజాయిషీ ఇక్కడ రాయదగినది కాదు. ఆ తర్వాత ఆయన వంటింటి వైపు వెళ్ళడం మానేసి వరండాలో ఖాళీ బల్ల ముందు కూర్చుని గేటు వైపు చూస్తూ ఉండేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. ఆయనకు చాలా బాధగా ఉండేది. ఆ బాధను ఆయన ఎసిడిటీ అని చెప్పుకునేవాడు.

ఇట్లా ఎనిమిది నెలలు గడిచాక, 2011 ఫిబ్రవరిలో, మేడ మీద అద్దెకుండే విజయశ్రీ ఒక సాయంత్రం కిందికి దిగివచ్చింది. ఆమె నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. విద్యావతి చేతి టీ తాగుతూ తన విద్యార్థుల మీద విసుక్కుంది.

"ఒక్కడికి పాస్‌వర్డ్ యాదుండదు సార్. సైటుకొక పాస్‌వర్డ్ పెట్టుకుంటరు, పొద్దుగాల మర్చిపోతరు. గందుకే ఓపెన్ ఐడీ నేర్పిస్తున్న."

"అదేంది?" అన్నాడు రామచంద్రం, మర్యాదకు.

"నెట్‌ల మనకొక సొంత అడ్రసుంటది. ఏ సైటుకు పోయినా పాస్‌వర్డ్ ఇయ్యం, ఆ అడ్రసిస్తం. సైటు పోయి ఆ అడ్రసును అడుగుతది, ఈమె విజయశ్రీయేనా అని. అడ్రసు 'అవును, మా మనిషే' అంటది. అంతే, తలుపు తీస్తరు. వంద సైట్లకు ఒక్కటే అడ్రసు."

రామచంద్రం చేతిలో టీ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "అంటే అటెస్టేషన్," అన్నాడు.

"ఒక లెక్కల అంతే అనుకోండ్రి."

"అవును అని చెప్పే అధికారం ఎవరికిచ్చిన్రు?"

"ఎవ్వరికి ఇయ్యలే సార్. దీంట్ల గొప్పతనమే అది. పైన ఆఫీసు లేదు, సర్కారు లేదు. ఎవరికి వాళ్ళు పెట్టుకోవచ్చు, పక్కోళ్ళకు గూడ పెట్టియ్యొచ్చు."

"గెజిటెడ్ కానోళ్ళు గూడ?"

"ఎవరైనా సార్."

"రిటైరైనోళ్ళు?"

విజయశ్రీ తెలివైన మనిషి. కానీ ఆ రోజు ఆరు క్లాసులు చెప్పి అలిసిపోయి ఉంది. "రిటైరైనోళ్ళు గూడ," అనేసింది.

ఆ మాట పట్టుకుని రామచంద్రం ఆమె ప్రాణం తోడేశాడు. పొద్దున ఆమె కాలేజీకి బయల్దేరే వేళకు మెట్ల దగ్గర నిలబడేవాడు, సాయంత్రం తిరిగొచ్చే వేళకు అక్కడే ఉండేవాడు. మూడో వారానికి ఆమె వేగలేక ఒక చిన్న కంప్యూటర్ మేడ మీద పెట్టి, 'హెచ్ఎం సార్ డాట్ ఇన్' అని ఒక పేరు కొని, కోరినవాళ్ళకు దాని కింద ఒక్కో అడ్రసు ఇచ్చే ఏర్పాటు చేసిపెట్టింది. రామచంద్రం గేటుకు బోర్డు కట్టాడు: 'ఇచ్చట ఓపెన్ ఐడీ ఉచితముగా ఇవ్వబడును. ఒరిజినల్స్ తప్పనిసరి.'

ఆశ్చర్యం ఏమిటంటే జనం వచ్చారు. అశోక్ నగర్ పిల్లలకు ఓపెన్ ఐడీ అంటే ఏమిటో తెలియదు గానీ హెచ్ఎం సార్ మళ్ళీ ఏదో ఇస్తున్నాడంటే తీసుకోవడం అలవాటు. పైగా పాత ప్రశ్నపత్రాల సైటు, చర్చల సైటు, బిట్ల సైటు, అన్నింటిలోకీ ఒకే అడ్రసుతో వెళ్ళొచ్చని తెలిశాక పక్క హాస్టళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. నెల తిరిగేసరికి ముప్పై ఎనిమిది మంది అయ్యారు. వాళ్ళలో సిద్దిపేట వైపు నుంచి వచ్చిన నాగేందర్ ఒకడు. చర్చల సైటులో భూగోళం ప్రశ్నలకు అతనే పెద్ద దిక్కు. జనగామ దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన నవత ఒకతె. గ్రూప్ టూ కోసం మూడేళ్ళుగా చదువుతోంది, మాట తక్కువ.

రామచంద్రానికి ఎసిడిటీ తగ్గింది. విద్యావతి పోపుల డబ్బాకు మనశ్శాంతి దొరికింది.

అప్పుడు వచ్చింది సిడ్నీ గొడవ. నాగేందర్ ఒక రోజు నెట్ సెంటర్లో కూర్చుని, సైటులోంచి బయటికి రావడం మరిచిపోయి, కంప్యూటర్‌ను అలాగే వదిలేసి టీకి వెళ్ళాడు. పక్క సీటులోని మహానుభావుడెవరో అతని పేరు మీద చర్చల సైటులో 'ఆస్ట్రేలియా రాజధాని సిడ్నీ' అని రాసి పెట్టాడు. సాయంత్రానికల్లా అశోక్ నగర్ అంతా పాకింది. టీ కొట్టు దగ్గర నాగేందర్‌ను చూసి జనం సిడ్నీ అని పలకరించసాగారు. అతను ముఖం వేలాడేసుకుని వరండాకు వచ్చాడు.

"సార్, గది నేను రాయలే. కని నేనే అని మీ అడ్రసు చెప్పింది."

రామచంద్రం ముఖం పాలిపోయింది. తన పూచీ మీద, తన పేరున్న అడ్రసు మీద, సిడ్నీ. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఇంత అప్రతిష్ఠ ఎన్నడూ జరగలేదు. వెంటనే మేడ మెట్లెక్కాడు.

"విజయమ్మా, మనిషిని చూడకుంట మిషన్ అవునని ఎట్ల అంటది?"

"మన అడ్రసుకున్న ఒక్క పాస్‌వర్డ్ కొట్టిండు గద సార్. ఒకసారి నమ్మినంక..."

"నేను ఒకసారి చూసినోన్ని గూడ మళ్ళ చూడకుంట సంతకం పెట్టలే. ఎవరు ఏ సైటుకు పోవాలన్నా నాకు కనపడాలె. నేను బటన్ నొక్కినంకనే మిషన్ అవునని చెప్పాలె."

"సార్, గట్ల ప్రపంచంల ఎవ్వరు చెయ్యరు."

"అందుకే సిడ్నీ అయింది," అన్నాడు రామచంద్రం.

విజయశ్రీ కోపంతో, ఎన్నాళ్ళు నడుస్తుందో చూద్దామని, ఆయన అడిగింది అడిగినట్టు రాసిపెట్టింది. ఆయన కోసం కింద లోపలి గదిలో పెట్టిన కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ బటన్ ఒకటి వచ్చింది. ఇకనుంచి పిల్లవాడెవరైనా ఏ సైటులోకి వెళ్ళాలన్నా అతని పేరు, ఫొటో రామచంద్రం ముందుకు వచ్చేవి. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చూసి, అనుమానం వస్తే ఫోన్ చేసేవాడు.

"ఏమయ్యా, మధ్యాహ్నం రెండున్నరకు బిట్ల సైటుకు పోతున్నవు. అన్నం తిన్నవా?"

"తిన్న సార్. జర నొక్కండ్రి సార్."

"నిన్న కరెంట్ అఫైర్స్ ఎంతవరకు చదివినవో చెప్పు, నొక్కుత."

కొన్నాళ్ళకు పని వేళలు బోర్డు మీద రాయించాడు: ఉదయం ఏడు నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. రెండో శనివారం సెలవు. ప్రపంచంలో రెండో శనివారం సెలవు తీసుకున్న ఓపెన్ ఐడీ బహుశా ఇదొక్కటే. చిత్రం ఏమిటంటే పిల్లలెవరూ మానుకోలేదు. ఎవడో ఒకడు అన్నం తిన్నావా అని అడగడం హాస్టల్లో ఉండేవాళ్ళకు అంత చేదుగా ఉండదు.

అంతా సవ్యంగా నడుస్తుండగా రామచంద్రానికి ఒక ధర్మసందేహం వచ్చింది. ముప్పై ఎనిమిది మందికీ తను పూచీ. మరి తనకెవరు? బటన్ నొక్కే పేజీలోకి తనూ పేరు చెప్పుకునే వెళుతున్నాడు కదా. అక్కడ తనకు తనే అవునని చెప్పుకుంటున్నాడని విజయశ్రీని అడిగి తెలుసుకుని ఆయన హడలిపోయాడు. ఎంత పెద్ద గెజిటెడ్ ఆఫీసరైనా తన కాగితం తను అటెస్ట్ చేసుకోకూడదు. అది ఆయన ఎముకల్లో ఇంకిపోయిన నియమం.

"నన్నెవరు అటెస్ట్ చేస్తరు?" అని రెండు రోజులు ఇల్లంతా తిరిగి, మూడో రోజు బర్కత్‌పురలో ఉండే బాలకిషన్‌కు ఫోన్ చేశాడు. బాలకిషన్ కూడా రిటైరైన గెజిటెడ్ హెడ్మాస్టరే. ఇద్దరికీ ఒకే రోజు ప్రమోషన్ వచ్చింది. బాలకిషన్ ఆ రోజు పొద్దున చేరాడు, రామచంద్రం ఎక్కిన బస్సు చెడిపోయి మధ్యాహ్నం చేరాడు. ఆ ఒక్క పూట తేడాతో ఎవరు సీనియరో అని ఇద్దరికీ పన్నెండేళ్ళుగా వాదన. అయినా స్నేహం స్నేహమే.

బాలకిషన్ సంతోషంగా ఒప్పుకున్నాడు. అతనికీ ఒక ఆకుపచ్చ బటన్ కావాలన్నాడు. విజయశ్రీ పళ్ళు నూరుకుంటూ అతనికీ అదే మేడ మీది కంప్యూటర్లో పెట్టిపెట్టింది. కానీ బాలకిషన్‌కు కూడా అదే నియమం, అవే ఎముకలు. అతనూ తనకు తను అటెస్ట్ చేసుకోనన్నాడు. అందుకని రామచంద్రం లోపలికి వెళ్ళాలంటే బర్కత్‌పురలో బాలకిషన్ బటన్ నొక్కాలి. బాలకిషన్ లోపలికి వెళ్ళాలంటే చిక్కడపల్లిలో రామచంద్రం నొక్కాలి.

"ఇద్దరు ఒక్కసారే బయటకొస్తే ఎట్ల సార్?" అంది విజయశ్రీ.

"ఇద్దరం ఒక్కసారి ఎందుకొస్తం?" అన్నాడు రామచంద్రం.

నిజమే. ఒకసారి లోపలికి వెళితే మేడ మీది కంప్యూటర్ ఆపితే తప్ప బయటికి వచ్చే పని లేదు. ఆ కంప్యూటర్‌ను ఎవరూ ఆపలేదు. నెల రోజులు హాయిగా నడిచిపోయాయి.

ఇంతలో అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు ఒక పరీక్ష ప్రకటించారు. ఆదివారం పదకొండింటికి, కంప్యూటర్ మీద. మొదటి ఇరవై మందికి ఏడాది పాటు ఉచితంగా కోచింగ్, హాస్టల్. ఆ సంగతి చెప్పడానికి నవత వరండాకు వచ్చింది. ఆ రోజు ఆమె మామూలు కంటే ఎక్కువ మాట్లాడింది.

"మా నాయిన ఈ యేడుతోని అయిపోయింది, ఇంటికి రా అంటున్నడు సార్. ఈ పరీక్షల వస్తే ఇంకో యేడు చదువుకుంట. రాకపోతే జూన్‌ల సామాను సర్దుకునుడే."

"వస్తది. దరఖాస్తు పెట్టినవా?"

"పెడుతున్న సార్. వాళ్ళు పాస్‌వర్డ్ పెట్టుకో అంటున్నరు, లేకుంటే ఓపెన్ ఐడీ ఇయ్యమంటున్నరు. పాస్‌వర్డ్ పెట్టుకుందమనుకుంటున్న."

రామచంద్రం మనసు చివుక్కుమంది. "నేనుండంగ వేరే పాస్‌వర్డ్ ఎందుకమ్మా? మన అడ్రసియ్యి. ఆ రోజు నేను బటన్ కాడనే కూసుంట."

నవత ఒక్క క్షణం తటపటాయించి, సరే సార్ అంది. ఆ అడ్రసుతోనే పేరు నమోదు చేసుకుంది. హాల్ టికెట్ కూడా ఆ అడ్రసు మీదే వచ్చింది.

ఆదివారం బంద్ పడింది. ఆ రోజుల్లో బంద్ పడని వారమే తక్కువ. నెట్ సెంటర్ల షట్టర్లన్నీ దిగి ఉన్నాయి. నవత పొద్దున పదింటికి నడిచి వచ్చేసింది. విజయశ్రీ తన లాప్‌టాప్ తెచ్చి వరండాలో బల్ల మీద పెట్టింది. విద్యావతి పెరుగులో పంచదార వేసి తెచ్చి నవత నోట్లో పెట్టింది. రామచంద్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని లోపలి గదిలో తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

పదిన్నరకు పరీక్ష సైటు తలుపులు తెరుస్తారు, సరిగ్గా పదకొండింటికి మూసేస్తారు. పదిన్నరకు నవత అడ్రసు కొట్టింది. 'హెచ్ఎం సార్ ఆమోదం కోసం చూస్తున్నాం' అని వచ్చింది. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. రెండు నిమిషాలయ్యాక రామచంద్రం గొంతు వినిపించింది.

"విజయమ్మా, ఇది నన్ను మీరెవరు అని అడుగుతున్నది."

విజయశ్రీ ముఖంలో రంగు మారింది. "పరీక్ష నడుమల ఆగిపోవద్దని పొద్దుగాల మేడ మీది కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్ళ పెట్టిన సార్," అంది మెల్లగా. "ఇద్దరు బయటకొచ్చిన్రు."

రామచంద్రం అప్పటికే ఫోన్ అందుకున్నాడు.

"బాలకిషన్, జర బటన్ నొక్కు."

"నొక్కుదమనే కూసున్న. నన్నే ఎవరని అడుగుతున్నది. ముందుగాల నువ్వు నొక్కు."

"నేను లోపటికి పోతే గద నొక్కేది."

"నేను పోవాలన్నా గంతే గద."

ఇద్దరూ కాసేపు ఆలోచించారు.

"ఇట్ల చేద్దాం," అన్నాడు బాలకిషన్. "సీనియార్టీ ప్రకారం పోదాం. సీనియర్‌ను ముందు లోపటికి పంపాలె. నేను పొద్దుగాల చేరిన."

"పొద్దుగాల చేరినా ఆర్డర్ మీద తారీఖు ఒక్కటే. మెరిట్ లిస్టుల నా పేరు మీదున్నది."

"మెరిట్ వేరు, జాయినింగ్ వేరు. బస్సు చెడిపోతే సర్కారు ఏం చేస్తది?"

ఎవరు సీనియరో తేలినా ఎవరూ లోపలికి వెళ్ళలేరన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. వాదన పన్నెండు నిమిషాలు నడిచింది. విజయశ్రీ ఫోన్ లాక్కుని పెట్టేసేసరికి గోడ గడియారం పది నలభై ఎనిమిది చూపిస్తోంది.

"సార్, ఇనండ్రి. బటన్ తీసెయ్యాలంటే మొత్తం రాసింది విప్పాలె, గంట పని. కని మీ పేరు కాడ బాలకిషన్ సార్ అడ్రసు తీసేసి మీ అడ్రసే పెట్టొచ్చు, ఒక్క నిమిషం పని. రామచంద్రం మీరేనా అని అడుగుతది. మీరే అవును అనాలె."

"నా కాగితం మీద నేనే సంతకం పెట్టుకోవాల్నా?"

"సార్, టైమ్ లేదు."

"కాదమ్మా. నవంబర్‌ల పెన్షన్ కోసం నేను బతికున్న అని కాగితం ఇచ్చుడుకు గూడ వేరే ఆఫీసర్ కాడికి పోయిన. ఎదురుంగ నిలబడి బతికే ఉన్న అంటే ఒప్పుకోలే, సంతకం తెమ్మన్నరు. గట్లాంటిది నేను రామచంద్రాన్ని అని నేను చెప్తే అది ఏం విలువ?"

ఆయన మొండికి అనడం లేదు. నిజంగానే ఆయనకు భయంగా ఉంది. జీవితమంతా ఇంకొకరికి పూచీ పడ్డ మనిషికి తన గురించి తను ఒక మాట చెప్పుకోవాలంటే చేతకావడం లేదు. గడియారం పది యాభై రెండు.

వరండాలోంచి నవత గుమ్మం దాకా వచ్చింది. చేతిలో హాల్ టికెట్ చెమటకు తడిసి ఉంది.

"పర్లేదు సార్," అంది. "పరేషాన్ కాకుండ్రి. వచ్చే యేడు రాస్త."

వచ్చే ఏడాది లేదని ఆమెకు తెలుసు. తెలుసని రామచంద్రానికి తెలుసు. వేరే పాస్‌వర్డ్ పెట్టుకుంటానన్న పిల్లను పెట్టుకోనివ్వంది తనే. ఆయనకు కళ్ళ ముందు తెర మసకబారింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మసక పోలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న విద్యావతి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

"మీరెవరో మీకు తెల్వదా?" అంది.

"నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోతదా?"

"ఇంకెవరికి తెల్వాలె? ఆ పిల్లకు తెలుసు. విజయకు తెలుసు. ముప్పయ్యేండ్ల నుంచి మీతోని యేగుతున్న, నాకు మస్తు తెలుసు. నా కంటె పెద్ద గెజిటెడ్ ఎవరున్నరు? నొక్కుండ్రి."

విజయశ్రీ అప్పటికే మేడ మీదికి పరుగెత్తింది. పైనుంచి ఆమె "అయింది సార్" అని అరిచేసరికి పది యాభై ఆరు. తెర మీద ప్రశ్న మారింది. 'మీరు రామచంద్రమేనా?' కింద 'అవును', 'కాదు' అని రెండే రెండు జవాబులు. రామచంద్రం తన చూపుడు వేలిని ఒకసారి చూసుకున్నాడు. క్లాసు మొత్తం చూస్తుండగా కాపీ కొడుతున్న పిల్లవాడికి ఎంత సిగ్గు వేస్తుందో అంత సిగ్గు వేసింది. కళ్ళు మూసుకుని 'అవును' నొక్కాడు.

ఏమీ కాలేదు. ఎవరూ వచ్చి సంజాయిషీ అడగలేదు. కళ్ళు తెరిచేసరికి నవత పేరు, ఫొటో, ఆకుపచ్చ బటన్ ఎదురుగా ఉన్నాయి. ఆయన ఫొటో వైపు చూడను కూడా చూడకుండా నొక్కేశాడు.

"తెరుసుకున్నది సార్," అంది నవత వరండాలోంచి. పది యాభై ఎనిమిది.

తర్వాత గంట సేపు రామచంద్రం గేటు దగ్గర కాపలా కాశాడు. ఎదురింటి వాళ్ళ కుక్కర్ రెండో కూత వేయబోతే గోడ మీంచి వాళ్ళను బతిమాలి స్టవ్ ఆపించాడు. పదకొండున్నరకు సందు మలుపులో బంద్ ఊరేగింపు వినిపించింది. యాభై మంది ఉంటారు, నినాదాలతో గోడలు అదురుతున్నాయి. రామచంద్రం గేటు బయటికి వచ్చి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. ముందు నడుస్తున్నవాడు నాగేందర్.

"నాగేందర్, లోపట పరీక్ష నడుస్తున్నది. నవత రాస్తున్నది."

నాగేందర్ వెనక్కి తిరిగి వేలు నోటి మీద పెట్టుకున్నాడు. ఆ యాభై మందిలో సగం మంది సర్టిఫికెట్ల మీద రామచంద్రం సంతకాలు ఉన్నాయి. మిగతా సగానికి ఓపెన్ ఐడీలు ఉన్నాయి. ఊరేగింపు మొత్తం పిడికిళ్ళు ఎత్తి, నోళ్ళు మాత్రం తెరిచి మూస్తూ, మునివేళ్ళ మీద ఆ ఇంటి ముందు నుంచి నడిచిపోయింది. సందు చివరికి చేరాక ఆపిన నినాదాన్ని ఆపిన దగ్గర నుంచే అందుకున్నారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు బాలకిషన్ ఫోన్ చేశాడు. "నేనింక బయటనే ఉన్ననయ్యా," అన్నాడు దీనంగా. రామచంద్రం తీరిగ్గా భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి, ఎవరు సీనియరో ఒప్పించుకున్నాకే అతనికి బటన్ నొక్కాడు.

నవతకు పదిహేడో ర్యాంకు వచ్చింది. మిఠాయి డబ్బా తెచ్చి వరండాలో అందరికీ పంచింది. ఆ మర్నాడు రామచంద్రం మేడ మెట్లెక్కి, బటన్ పూర్తిగా తీసెయ్యమన్నాడు.

"పిల్లలందరికి వాళ్ళ పేజీలు వాళ్ళకే ఇచ్చెయ్యమ్మా. ఎవరి మాట వాళ్ళే చెప్పుకుంటరు."

"మరి సిడ్నీ సార్?"

"బయటకొచ్చేటప్పుడు తలుపేసుకొమ్మని చెప్త."

విజయశ్రీ తర్వాతి ఆదివారం కూర్చుని విప్పాల్సింది విప్పింది. పిల్లలు తమ అడ్రసులతో తామే తిరగసాగారు. కొందరు సొంత పేర్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. మరికొందరు పెద్ద కంపెనీల అడ్రసులకు మారిపోయారు. నెలా రెండు నెలల్లో వరండా మళ్ళీ ఖాళీ అయింది. రామచంద్రానికి బాధ వేసింది. ఈసారి దాన్ని బాధ అనే అన్నాడు. విద్యావతి ఆయన పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసింది, ఆయన చేత కూడా తీయించింది.

ఆగస్టులో ఒక పొద్దున చిక్కుడుకాయల మధ్యలో ఫోన్ మోగింది. కోచింగ్ సెంటర్ నుంచి ఎవరో గుమాస్తా.

"సార్, నవత అని ఒకమ్మాయి మా దాంట్ల చేరింది. ఫారంల 'పట్నంల మిమ్మల్ని ఎరిగినోళ్ళు' అన్న కాడ మీ పేరు రాసింది. హోదా కాడ ఖాళీ పెట్టింది. మీరేం చేస్తరు సార్?"

"ఏం చెయ్య. ఇంటికాడుంట."

"అమ్మాయి మీకు తెలుసా?"

"తెలుసు."

"మంచిగ తెలుసా?"

"మంచిగ తెలుసు."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "అట్లయితే సార్, ఆమె మీకు తెలుసన్నట్టు ఒక కాగితం రాసి, ఎవరన్న గెజిటెడ్ ఆఫీసర్‌తోని సంతకం పెట్టించి పంపుతరా?"

విద్యావతి ఈనె తీయడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది. రామచంద్రం కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు.

"కాగితం లేదు, సంతకం లేదు," అన్నాడు. "నేను రామచంద్రాన్ని. ఆ పిల్లను నేనెరుగుదు. నేను చెప్తున్న, రాసుకో."

అవతల కలం గీసిన చప్పుడు సన్నగా వినిపించింది.

"రాసుకున్న సార్," అన్నాడు గుమాస్తా.